పని నడుస్తుండగా కంప్యూటర్ టైమ్ ఎలా సరిచేయాలి?

ఆదోనిలో పత్తి జోరుగా దిగుతున్న రోజు అది. నేను వెళ్లిన కాటా దగ్గర కంప్యూటర్ టైమ్ 40 నిమిషాలు ముందుంది. తూకాలు నడుస్తుండగానే ఎవరో దాన్ని వెనక్కి తిప్పేశారు. లోడుతో ట్రాక్టర్ తూగినప్పుడు చీటీలో 11:20 పడింది. పత్తి దించి ఖాళీగా వచ్చేసరికి 11:10 పడింది. “దించినాక లోడెత్తినామా సార్?” అని రైతు అడిగితే ఎవరూ బదులు చెప్పలేకపోయారు. ఏడాది కష్టానికి ఆయన చేతిలో ఉన్న ఆధారం ఆ చీటీ ఒక్కటే.

అందుకే, బిల్లులు పడుతుండగా టైమ్‌ను వెనక్కి దూకించవద్దు. గడియారం ముందుంటే కొంచెం నిదానంగా, వెనకుంటే కొంచెం వేగంగా నడిపించాలి. లైనక్స్‌లో ఈ పనికి క్రోనీ (chrony) అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది.

మొదట టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, ‘టైమ్‌డేట్‌సీటీఎల్’ (timedatectl) కొట్టి, టైమ్‌జోన్ ఆసియా/కోల్‌కతా అని ఉందో లేదో చూడండి. తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే చాలాసార్లు తప్పు టైమ్‌జోన్‌దే.

తర్వాత క్రోనీ ఇన్‌స్టాల్ చేయండి. ఉబుంటు రకం లైనక్స్‌లో అయితే, నెట్ ద్వారా సరైన టైమ్ ఇచ్చే సర్వర్లు దానితోనే వస్తాయి, అవే సరిపోతాయి. ఆ టైమ్ వచ్చే దారి యూడీపీ 123 పోర్ట్. రూటర్‌లో అది మూసి ఉంటే మాత్రం టైమ్ అందదు.

ఇప్పుడు అసలు సంగతి. క్రోనీ సెట్టింగ్స్ ఫైల్‌లో ‘మేక్‌స్టెప్ 1 3’ (makestep 1 3) అనే లైను ఉంటుంది. క్రోనీ మొదలయ్యాక మొదటి మూడు సవరణల్లో మాత్రమే, అదీ తేడా 1 సెకను దాటితేనే, టైమ్‌ను ఒక్కసారిగా మార్చమని దాని అర్థం. ఆ తర్వాత అంతా మెల్లగానే జరుగుతుంది. ఆ 3 తీసేసి మైనస్ 1 పెట్టారంటే పని మధ్యలో కూడా దూకుతుంది, పెట్టవద్దు. పొద్దున నెట్ ఆలస్యంగా వస్తే ఆ మొదటి సవరణలు తూకాల మధ్యలో పడతాయి. కాబట్టి టైమ్ కుదిరాకే కాటా సాఫ్ట్‌వేర్ తెరవండి.

మామూలు సెట్టింగ్‌లో క్రోనీ ఎంత వేగంగా సర్దినా 12 సెకన్లకు 1 సెకనే. 5 సెకన్ల తేడా నిమిషంలో పోతుంది. 40 నిమిషాల తేడాకు 8 గంటలు కావాలి. అంత పెద్ద తేడా మెల్లగా పోయేదాకా ఎదురుచూడటం నాకు సమ్మతం కాదు. రాత్రి కాటా మూసి, సాఫ్ట్‌వేర్ ఆపి, ‘సుడో క్రోనీసీ మేక్‌స్టెప్’ (sudo chronyc makestep) కొట్టండి. అప్పుడు దూకినా ఎవరి చీటీ చెడదు.

‘క్రోనీసీ ట్రాకింగ్’ (chronyc tracking) కొడితే ‘సిస్టమ్ టైమ్’ లైనులో ఇంకా ఎంత తేడా ఉందో కనిపిస్తుంది. ఆ అంకె తగ్గుతూ పోతుంటే టెన్షన్ అక్కర్లేదు.

మన ఎండకు మదర్‌బోర్డు మీది గడియారం రోజుకు అర సెకనో, సెకనో తప్పడం మామూలే. కంప్యూటర్ ఆపి తెరిచిన ప్రతిసారీ నిమిషాల కొద్దీ తేడా వస్తుంటే అది ఎండ వల్ల కాదు, బోర్డు మీది బిళ్ల బ్యాటరీ అయిపోవచ్చింది. చాలా బోర్డుల్లో అది సీఆర్2032 రకం. కాటా మూశాక ప్లగ్ తీసేసి కొత్తది వేయండి.