చెబితే నవ్వారు, రాస్తే ఆవలించారు: కథ ఎక్కడ చెడిందో పట్టుకోవడం

కథ రాసుకొచ్చినవాళ్ళు నా దగ్గర మొదట అనే మాట ఒకటే: "ఎక్కడో తేడా కొడుతోందండీ." ఎక్కడో అంటే ఎక్కడ? అది మాత్రం చెప్పరు.

బెంగళూరులో తెలుగు కథలు రాసే కొద్దిమందిమి నెలకో ఆదివారం పొద్దున కబ్బన్ పార్కులో వెదురు పొదల దగ్గర కూర్చుంటాం. వచ్చేవాళ్ళలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళే. ప్రోగ్రాము ఆగిపోతే ఏం చేయాలో వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఏ మార్పు తర్వాత చెడిందో చూస్తారు, ముక్కముక్కా విడదీసి నడిపిస్తారు. అదే మనిషి కథ దగ్గరికొచ్చేసరికి "ఫీల్ రావట్లేదు" అని చేతులెత్తేస్తాడు. ఒకే జవాబు పదిమందికి విడివిడిగా చెప్పే ఓపిక తగ్గి ఇది రాస్తున్నాను. టైపింగూ, అచ్చుతప్పులూ మీరు చూసుకున్నారనే అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు: బయటికి చదవండి

"చదివానండీ" అంటారు. కళ్ళతో చదివి ఉంటారు. నేనంటున్నది నోటితో. కళ్ళు మీరు రాసింది చదవవు, రాద్దామనుకున్నది చదువుతాయి. ఊపిరి చాలని వాక్యం, ఒకే పేరాలో నాలుగుసార్లు వచ్చిన "చూశాడు", ఎవరూ నోటితో పలకని మాట, ఇవన్నీ నాలుకకే తగులుతాయి. తలుపేసుకుని చదివితే పది నిమిషాల పని. ఆ పది నిమిషాలు ఆదా చేసుకుని నాకు ఫోన్లో గంట చెబుతారు, కథ ఎందుకు కుదరలేదో.

మొదటి పేజీ ఎవరూ దాటడం లేదు

మీ కథ రెండో పేజీలో మొదలైంది, అంతే. ముందు అలారం మోగుతుంది, తర్వాత ఫిల్టర్ కాఫీ, తర్వాత సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్, ఆ ట్రాఫిక్‌లో గతం గుర్తుకు రావడం. ఆ జంక్షన్‌లో నేను చూసిన బండ్లకంటే అక్కడ మొదలైన కథలే ఎక్కువ చదివుంటాను. ఒక మనిషి ఇంకో మనిషికి అడ్డం తగిలే మొదటి వాక్యం ఎక్కడుందో వెతికి, దాని పైనున్నదంతా కొట్టేయండి. కొట్టేసినదాంట్లో నిజంగా కావాల్సిన ముక్కలు ఒకటో రెండో ఉంటే, కావాల్సొచ్చిన చోట చేర్చుకోవచ్చు.

అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు

పేర్లూ, "అన్నాడు"లూ తీసేసి ఉత్త మాటలే చదవండి. ఏది ఎవరిదో తెలియకపోతే, అందరి చేతా మీరు దినపత్రిక మాట్లాడిస్తున్నట్టు లెక్క. మదనపల్లె నుంచి వచ్చిన అమ్మ "నాకు చాలా ఆందోళనగా ఉంది" అనదు. ఏమంటుందో మీకే బాగా తెలుసు, అది రాయండి. బెంగళూరు కథలకి ఇంకో చిక్కుంది. ఆటో ఆయనది కన్నడ, పీజీ ఓనరుది నెల్లూరు తెలుగు, మేనేజరుది హిందీ కలిసిన ఇంగ్లిష్. కన్నడ మాట రాసి పక్కన బ్రాకెట్లో అర్థం ఇవ్వకండి. "ఎల్లిగె సార్?" "మారతహళ్ళి." దీనికి అనువాదం ఎవరు అడుగుతారు?

మధ్యలో ఆగిపోయింది

మూడ్ పోయి కాదు. మీ మనిషికి ఏం కావాలో మీకు తెలియక. ప్రేమ, గుర్తింపు లాంటివి చెప్పకండి, అవి చేతికి చిక్కవు. ఓనరు దగ్గర ఇరుక్కుపోయిన ఇంటి అడ్వాన్సు వెనక్కి కావాలి అనుకోండి. ఇవ్వకపోవడానికి ఓనరు చెప్పే మొదటి సాకు రాయండి, కదులుతుంది.

చెబితే అందరూ విన్నారు, రాస్తే ఎవరూ చదవలేదు

ఇక్కడ కాస్త కూర్చోవాలి. పైన చెప్పిన బయటికి చదివే పరీక్షకి దొరకనిది ఇదొక్కటే. నన్ను రెండేళ్ళు తిప్పింది.

మా నాన్న ఒకసారి అనంతపురం నుంచి నాకోసం శెనక్కాయల మూటతో బెంగళూరు బస్సెక్కాడు. కండక్టర్ లగేజీ టికెట్ తీసుకోమన్నాడు. నాన్న తనకొచ్చిన నాలుగు కన్నడ ముక్కలూ కూడబలుక్కుని, ఇది అమ్మడానికి కాదు, కొడుక్కని బతిమాలాడు. చాలాసేపు బతిమాలాడు. బాగేపల్లి దగ్గర కండక్టర్ "మాకూ పిల్లోళ్ళుండారులే పెద్దాయనా, టికెట్ తీసుకో" అన్నాడు, అచ్చ తెలుగులో. ఆయనది ఆ ఊరేనట. కర్ణాటకే గానీ ఆ పక్క ఇళ్ళలో తెలుగు మామూలే. నాన్న "సరేలే" అన్నాడు.

ఇది నేను చెప్పని చోటు లేదు. ఆఫీసు క్యాంటీన్‌లో చెప్పాను, పెళ్ళిళ్ళలో చెప్పాను. ప్రతిచోటా నవ్వారు, "సరేలే" దగ్గర గమ్మునయ్యారు. రాసెయ్ అన్నారు. రాశాను. బయటికి చదువుకుంటే బ్రహ్మాండంగా ఉంది. పత్రికకి పంపితే తిరిగొచ్చింది. ముగింపు మార్చాను. ఉత్తమ పురుషలో ఉన్నదాన్ని ప్రథమ పురుషలోకి తిప్పాను. ప్రతి మార్పుకీ మళ్ళీ గట్టిగా చదువుకున్నాను, ప్రతిసారీ బాగానే ఉంది. మళ్ళీ తిరిగొచ్చింది. వాళ్ళకే కథ తెలియదనుకున్నాను.

గుట్టు బయటపడింది నాకు గొంతు పోయినప్పుడు. జలుబుతో మాట రాక, కాగితాలు మా రూమ్మేటుకిచ్చి చదవరా అన్నాను. వాడిది శ్రీకాకుళం. ఈ కథ ఎప్పుడూ వినలేదు. కండక్టర్ మాటల్ని వాడు కసురుతున్నట్టు చదివాడు. నాన్న కన్నడ దగ్గర తడబడకుండా గడగడా వెళ్ళిపోయాడు. "సరేలే"ని, టీ చల్లారిపోయిందంటే అనే సరేలేలా అనేసి పేజీ తిప్పాడు. నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. వాడి తప్పేం లేదు. అక్కడ ఆగాలని కాగితం మీద ఎక్కడా లేదు.

ఉన్నది నా గొంతులో. కండక్టర్ సాగదీత, నాన్న తడబాటు, మూట సర్దుకుంటున్నట్టు నేను ఆడించే చేతులు, "సరేలే" తర్వాత నేనాపే రెండు క్షణాలు, వీటిల్లో ఒక్కటీ రాత మీదికి దిగలేదు. వాటికి బదులు నేను రాసిందేమిటంటే: "కండక్టర్ వెటకారంగా అన్నాడు. నాన్న బాధగా సరేలే అన్నాడు." సంభాషణ పక్కన "గా" కనపడితే గుర్తుపట్టండి. కోపంగా, ప్రేమగా, దీనంగా అని రాసిన ప్రతిచోటా మీ గొంతు ఒక పని చేసేది, దాని చిరునామా మాత్రం వదిలేసి వెళ్ళిందన్నమాట.

మరి బయటికి చదివినప్పుడు ఎందుకు పట్టుకోలేదు? చదివింది నేనే కాబట్టి. కాగితం మీద లేని గొంతుని నేనే మళ్ళీ తెచ్చి పెట్టి, ఉందని సంతోషపడ్డాను. ఇంట్లో చాలాసార్లు చెప్పిన కథ మీద ఈ పరీక్ష పనిచేయదు. ఎన్నిసార్లు చెబితే అంత మోసం చేస్తుంది.

మీ జబ్బు ఇదో కాదో తేల్చుకోవాలంటే కథ ఎన్నడూ విననివాళ్ళ చేత గట్టిగా చదివించండి. మీ ఊరివాళ్ళు కాకపోతే మరీ మంచిది, మీ యాస సరిచేసి చదవరు. మీరు ఇంకో ప్రతి పట్టుకుని, పెన్సిల్‌తో పక్కన కూర్చోండి. మీ చెవిలో ఉన్న స్వరం ఒకటీ వాళ్ళ నోట్లోది ఒకటీ అయిన ప్రతిచోటా గీత పెట్టండి. నోరు మెదపకండి. "అది అలా కాదు, నవ్వుతూ అంటాడు" అనడానికి నోరు దురద పెడుతుంది. అన్నారా, పరీక్ష పోయినట్టే. మనుషులు దొరక్కపోతే ఫోన్లో రాత చదివి వినిపించే గొంతు ఉంటుంది, తెలుగూ చదువుతుంది. దానికి భావం ఉండదు, మనకి కావాల్సిందీ అదే.

ఇక బాగుచేయడం. అదే కథని ఎవరికైనా చెబుతూ ఫోన్లో రికార్డు చేసుకోండి. తర్వాత విని ఉన్నదున్నట్టు రాసుకోండి, "అదీ", "ఏందంటే"లతో సహా. వాయిస్ టైపింగ్ వాడినా సరే, చుక్కలూ కామాలూ మీరే పెట్టుకోవాల్సి రావచ్చు. మీరు ఆగిన చోటా, గొంతు మార్చిన చోటా, నవ్విన చోటా గుర్తు పెట్టండి. ఆ ఒక్కో గుర్తుకీ కాగితం మీద ఏదో ఒకటి ఉండాలి. "గా" తప్ప.

నా కథలో కండక్టర్ వెటకారం తీసేశాను. "నాన్న కన్నడ అయిపోయేదాకా కండక్టర్ టికెట్ల మిషను మూట మీద ఆనించి విన్నాడు" అని పెట్టాను. ఆయనకి ముందునుంచే అర్థమవుతోందనీ, సరదా పడుతున్నాడనీ చదివేవాడికి తెలిసిపోతుంది. ఇంక ఆ మాటని కసురుతూ చదవడం కుదరదు. నాన్న దగ్గర ఇలా మార్చాను:

"నాన్న లోపలి జేబులోంచి మడత నోటు తీసిచ్చాడు. మూటని కాళ్ళ దగ్గర్నుంచి లాగి ఒళ్ళో పెట్టుకున్నాడు. సరేలే, అన్నాడు. చిక్కబళ్ళాపురం పోయింది, దేవనహళ్ళి పోయింది. ఎలహంక వచ్చేదాకా దాన్ని కిందికి దించలేదు."

వినేవాళ్ళకి నేనిచ్చిన రెండు క్షణాల మౌనం కాగితం మీద బాగేపల్లి నుంచి ఎలహంక దాకా పట్టింది. ఆగడానికి మూడు చుక్కలు పెడితే చాలదు, అక్కడ కాస్త కాలం గడవాలి. దారో, చల్లారే టీయో, ఏదో ఒకటి.

ఒత్తి పలికే చోట మాత్రం మనకి పెద్ద కష్టం లేదు, తెలుగే సాయం చేస్తుంది. "నాన్న ఇచ్చాడు", "నాన్నే ఇచ్చాడు", "ఇచ్చాడు నాన్న". ఇందులో ఏది కావాలో ఎంచుకుంటే గొంతు పెంచక్కర్లేదు. ఒక్క ఏకారం మీద ఆధారపడ్డ కథలు చూశాను.

ఇంకోటి, వినేవాళ్ళకి ముందే తెలిసినవి. క్యాంటీన్‌లో మెజెస్టిక్ బస్టాండ్ అంటే చాలు, ఆ రద్దీ అంతా వాళ్ళే ఊహించుకుంటారు. విశాఖలో చదివేవాడికి అది ఉత్త పేరు. అలాగని మెజెస్టిక్ మీద పేరా రాయకండి. నాన్న ఏ గేటులోంచి బయటపడాలో తెలియక మూట నెత్తిన పెట్టుకుని రెండుసార్లు ఒకే పూలకొట్టు ముందు తేలాడంటే సరిపోతుంది.

కథని మూడోసారి పంపినప్పుడు వేసుకున్నారు. పేరు మార్చారు, అదో బాధ.

అప్పట్నుంచి కొత్త కథ సంగతి రాయకముందు ఎవరికీ చెప్పను. మా ఆవిడ అడిగినా "రాశాక" అంటాను. దిష్టి తగులుతుందని కాదు. ఒకసారి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నాక కూర్చుని రాసే తీట సగం చల్లారుతుంది. మిగిలిన సగంతో రాస్తే వచ్చేది సారాంశమే.

మిగతావి

పేరు బాగాలేకపోవడం వల్ల కథ చెడదు, ఎలాగూ సంపాదకులు మారుస్తారు. మూడంకాల నిర్మాణం, వర్క్‌షాపుల్లో బోర్డు మీద గీసే కొండ బొమ్మలు, వాటి వల్ల చెడిన కథలు చూశానుగానీ బాగుపడింది చూడలేదు. పొద్దున నాలుగింటికి లేచి రాయాలా అని అడుగుతారు. లేవగలిగితే లేవండి.

జవాబే రాకపోతే, పత్రిక చెప్పిన పదాల పరిమితి చూశారా? చూడరు. రెండు వేల పదాలు అడిగితే నాలుగు వేలు పంపి, గుర్తింపు లేదంటారు. "చదవడం కుదరలేదు" అని జవాబొస్తే ముందే కుంగిపోకండి. పాత "అను" ఫాంట్లలో కొట్టిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతల్లా కనిపిస్తుంది. ఎక్కడ తెరిచినా అక్షరాల్లాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, వేరేవాళ్ళ ఫోన్లో ఒకసారి తెరిచి చూసి, మళ్ళీ పంపండి.