ఫంక్ రాక్ రీమాస్టర్ కొనే ముందు
పాత రికార్డింగుకు మళ్లీ మెరుగులు దిద్దిన రీమాస్టర్ సీడీని విజయనగరానికి తెప్పించే ముందు అందులోని ఒక్క పాటను ఫ్లాక్ (నాణ్యత తగ్గని) ఫైలుగా కొని, పాత సీడీలోని అదే పాటతో పాటు ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరవండి. వ్యూ మెనూలో షో క్లిప్పింగ్ నొక్కితే ఎర్రగీతలు గుంపులుగా వస్తున్నాయా? శబ్దతరంగపు శిఖరాలు నరికేశారన్నమాట. వాల్యూమ్ తగ్గించినా అవి తిరిగి రావు.

తర్వాత రెండింటినీ లౌడ్‌నెస్ నార్మలైజేషన్‌లో మైనస్ 23 లుఫ్స్‌కు (చెవికి ఎంత బిగ్గరగా వినిపిస్తుందో చెప్పే కొలత) తెచ్చి వినండి. ఇది మానొద్దు, బిగ్గరగా మోగేదే బాగున్నట్టు చెవి మోసపోతుంది. స్నేర్ డ్రమ్ము దెబ్బ, బొటనవేలితో కొట్టిన బేస్ తీగ పట్టించుకోండి. శబ్ద శిఖరాలను అదిమే లిమిటర్ అతిగా నొక్కితే దెబ్బ మొద్దుబారి, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ పూడిపోతుంది. ఫంక్‌కి ప్రాణమే ఆ ఖాళీ! ఫిడేలు విని పెరిగిన మన ఊరి చెవులకు ఇట్టే దొరుకుతుంది.

అమెరికన్ ఫంక్ బృందం స్లై అండ్ ద ఫ్యామిలీ స్టోన్ 1971 ఆల్బమ్ 'దేర్స్ ఎ రయట్ గోయిన్ ఆన్'లో టేపు బుస మొదటి నుంచీ ఉన్నదే. రీమాస్టర్‌లో అది పూర్తిగా పోతే సింబల్స్ (డ్రమ్ సెట్టులోని లోహపు పళ్లాలు) మెరుపూ పోయిందేమో చూడండి.