మిషన్ మీద బొంత – 6వ పాఠం: కింద ముద్ద కడితే పైన చూడండి

పోయిన పాఠంలో బాబిన్ కేసు, అంటే కింది దారం చుట్టిన బాబిన్ కూర్చునే డబ్బీ, దాని స్క్రూ గురించి రాశాను. కింది దారం బిగువు మార్చేది ఆ స్క్రూ. చదివినవాళ్లలో చాలామంది ఆ స్క్రూనే పట్టుకుని తిప్పేశారు. నంద్యాల నుంచి ఒకామె ఫోన్ చేసి, "అక్కా, స్క్రూ చివరిదాకా బిగించినా కింద ముద్దముద్దగానే వస్తాంది" అంది. ఆదోనిలో ఒకాయన తిప్పీ తిప్పీ స్క్రూ ఊడి కింద పడితే దొరక్క, కొత్త కేసు కొనుక్కున్నాడు. తప్పు నాదే. పైదారం సంగతి ముందు చెప్పి, ఆ తర్వాత స్క్రూ దగ్గరికి రావాల్సింది. అందుకే ఈసారి కొత్త గళ్లు, కొత్త డిజైన్లు ఏమీ లేవు.

ముందు కేసును దారిలో పెడదాం. బాబిన్ పెట్టిన కేసును దాని దారం కొసతో పట్టుకుని పరుపు మీద వేలాడదీయండి. పరుపు ఎందుకంటే, గచ్చు మీద పడి సొట్టపోయిన కేసు ఇక కుట్టుకు పనికిరాదు. ఊరికే పట్టుకుంటే కేసు కదలకూడదు. చేతిని చిన్నగా విదిలిస్తే రెండు మూడు అంగుళాలు జారి ఆగాలి. జర్రున దిగిపోతే స్క్రూ కొంచెం బిగించండి, విదిలించినా దిగకపోతే కొంచెం వదలండి. కొంచెం అంటే గడియారంలో ముల్లు పన్నెండు నుంచి ఒంటిగంటకు జరిగినంత, అంతే. కుదిరాక స్క్రూ గాడి ఎటు తిరిగి ఉందో గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టండి. ఇక దాని జోలికి పోకండి.

ఇప్పుడు ముద్ద ఎక్కడి నుంచి వస్తుందో చూద్దాం. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పుతూ చదవండి. సూది కిందికి దిగి, మళ్లీ పైకి లేవడం మొదలుపెట్టగానే దాని కన్ను దగ్గర పైదారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. సూది కింద తిరిగే షటిల్ ముక్కు ఆ ఉచ్చును అందుకుని బాబిన్ కేసు చుట్టూ తిప్పి వదిలేస్తుంది. అప్పుడు దారం కింద వదులుగా ఉంటుంది. దాన్ని పైకి లాగి, కుట్టును బొంత మందంలో బిగించే పని మిషన్ ముందు పైకీ కిందికీ ఆడే, కన్నం ఉన్న కడ్డీది, అంటే లివర్‌ది. లివర్ లేచేటప్పుడు దానికి దారం రెండు చోట్ల దొరుకుతుంది: కింద మిగిలిన వదులు, పైన రీలు. పైదారాన్ని మధ్యలో నొక్కి పట్టే రెండు గుండ్రటి బిళ్లలు, అంటే టెన్షన్ ప్లేట్లు, దారాన్ని గట్టిగా పట్టుకుంటే రీలు నుంచి సులువుగా రాదు, కాబట్టి ముందు కింది వదులే పైకి వస్తుంది. ప్లేట్ల మధ్య దారం లేకపోతే రీలు నుంచే సులువుగా వచ్చేస్తుంది, కింది ఉచ్చు కిందే ఉండిపోతుంది. పది కుట్లకు పది ఉచ్చులు. మీరు బొంత తిరగేసి చూసి బెంబేలెత్తేది వీటినే. బాబిన్ దారానికి ఇందులో ఏ పాపమూ లేదు.

మరి దారం ప్లేట్లలోకి ఎందుకు పోలేదు? ఫుట్, అంటే గుడ్డను అదిమి పట్టే పాదం, దించి దారం ఎక్కించారు కాబట్టి. ఫుట్ ఎత్తితే ప్లేట్లు విడతాయి, దించితే మూసుకుంటాయి. మూసుకున్న ప్లేట్ల అంచు మీద దారం కూర్చుంటుంది, చూడ్డానికి సరిగ్గా ఎక్కినట్టే ఉంటుంది. ఇరవై ఏళ్లుగా కుట్టేవాళ్లు కూడా ఈ పని చేస్తుంటే నాకు ప్రాణం విసుగెత్తిపోతుంది. కరెంటు పోయి మసక వెలుతురులో ఎక్కించినా, కొత్త రీలు తొందరలో మార్చినా, దారం తెగితే సూది దగ్గర మాత్రమే ముడి వేసి లాగినా, ఫుట్ ఎత్తి ఉందా లేదా అని ముందు చూడండి. లివర్ కన్నంలోంచి దారం తప్పిపోయినా ఇదే ముద్ద కడుతుంది.

పరీక్ష ఇది. ఫుట్ ఎత్తి, సూది దగ్గర దారాన్ని లాగండి, సులువుగా రావాలి. ఫుట్ దించి లాగండి, బిగుసుకుని సూది కొంచెం వంగినట్టు కావాలి. రెండుసార్లూ ఒకేలా జారితే దారం ప్లేట్లలో లేదు, లేదా వాటి మధ్య దూది చేరింది. పాత నూలు చీరలతో కుట్టేటప్పుడు పీచు రాలుతుంది. మా కర్నూలు ఎండల్లో దానికి దుమ్ము కూడా తోడవుతుంది. ఫుట్ ఎత్తి, మడిచిన పలుచని గుడ్డ అంచును ప్లేట్ల మధ్య రెండుసార్లు లాగితే శుభ్రమవుతుంది.

పై వైపు దారం గీతలా సాగి, బాబిన్ దారం చుక్కచుక్కగా కనిపిస్తే కథ తిరగబడినట్టు: పై టెన్షన్ ఎక్కువైంది, ప్లేట్లను బిగించే నాబ్ కొంచెం వదలండి. మొదటి కుట్లలోనే ముద్ద వస్తే, మొదలుపెట్టేటప్పుడు రెండు దారాల కొసలనూ వెనక్కి పట్టుకోవడం మరిచారు.

కుట్లు తప్పిపోతుంటే సూది మార్చండి. బొంతకు నేను 16 నంబరు వాడతాను, ప్యాంటు గుడ్డ కలిస్తే 18. ప్రతి బొంతకూ కొత్త సూదే. సూదికి పొడవు గాడి ఉన్న వైపు నుంచే దారం కన్నంలోకి పోవాలి. విదేశాల్లో బొంతను చట్రానికి బిగించి, దాని మీద మిషన్‌నే నడిపించే లాంగ్ ఆర్మ్ యంత్రాలకూ కుట్టు ఈ పద్ధతిలోనే పడుతుంది.

ఈ వారం అభ్యాసం కష్టమైనదే. పాత చీరను నాలుగు మడతలు వేయండి. పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం. నాబ్ బాగా వదులుగా పెట్టి ఒక గీత కుట్టండి. తర్వాత గీతకొకసారి కొంచెం బిగిస్తూ మొత్తం పన్నెండు గీతలు. పెన్నుతో అంకెలు వేయండి. తిరగేసి, ఎర్రదారం ఏ గీత దగ్గర కనిపించడం మానిందో, పై వైపు తెల్లదారం ఏ గీత నుంచి తొంగి చూసిందో రాయండి. ఆ రెండింటి మధ్య గీతే మీ మిషన్‌కు సరైన టెన్షన్. ఆ తర్వాత దారం పూర్తిగా తీసేసి, ఫుట్ ఎత్తి మళ్లీ ఎక్కించండి, లాగి చూడండి. ఇలా ఇరవైసార్లు. ఆ గుడ్డను పారేయకుండా మిషన్ సొరుగులో పెట్టుకోండి. వచ్చే పాఠంలో దారం తెగడం గురించి చెప్పేటప్పుడు అదే చేతిలోకి తీసుకోమంటాను.