ఫారాలు మీరే నింపుకున్నారా? పంపే ముందు ఇంకో కంటికి చూపించండి

అమెరికాలో గ్రీన్‌కార్డుకో సిటిజన్‌షిప్‌కో ఫారాలు సొంతంగా నింపుకోవడంలో తప్పేమీ లేదు. లాయర్ ఉండి తీరాలన్న రూలు లేదు. ఫారాలూ, వాటి ఇన్‌స్ట్రక్షన్లూ ఈ దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ యూఎస్‌సీఐఎస్ సైటులో ఉచితంగానే దొరుకుతాయి. చిక్కంతా నింపిన మనిషే సరిచూసుకోవడంతో వస్తుంది. వారాల తరబడి అదే ఫారం చూసిన కళ్లకు అందులో ఉన్నది కనపడదు, ఉండాలనుకున్నదే కనపడుతుంది. అందుకే సంతకం పెట్టకముందే దాన్ని ఇంకొకరి చేతికివ్వాలి. పెట్టాక చూపిస్తే, ‘ఇప్పుడు మళ్లీ ప్రింటా’ అన్న బద్ధకం చిన్న తప్పుల్ని అలాగే పోనిస్తుంది.

చూపించడంలో రెండు రకాలున్నాయి. ఒకటి అచ్చుతప్పులు పట్టడం, రెండోది అసలు ఈ దరఖాస్తు ఇప్పుడు వేయొచ్చా అని తేల్చడం. మొదటి పని ఓపికున్న ఎవరైనా చేయగలరు. రెండోది లైసెన్సు ఉన్నవాళ్లే చేయాలి. మనవాళ్లు ఈ రెంటినీ కలిపేసి, రెండింటికీ వాట్సాప్ గ్రూపునే నమ్ముకుంటారు.

మొదటిదానికి ఫారం ప్రింటు తీసి, పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిపోల్చండి. ముందుగా తేదీలు. ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. మన బర్త్ సర్టిఫికెట్‌లో 04/07/1988 అంటే జూలై 4. అవే అంకెలు అదే వరుసలో ఫారంలోకి ఎక్కితే ఏప్రిల్ 7న పుట్టినట్టవుతుంది. రోజు 12 దాటితే ఎవరైనా పట్టేస్తారు, 12 లోపు ఉంటే తప్పు తప్పులాగే కనిపించదు. ఆ తర్వాత పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పెళ్లి సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉండటం మన ఇళ్లలో మామూలే. సర్‌నేమ్ గడి ఖాళీగా ఉన్న పాస్‌పోర్టు మీద వచ్చిన వీసాలో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే మొదటి పేరు తెలియదు) అని పడి ఉండొచ్చు. ఇలాంటివన్నీ ‘వాడిన ఇతర పేర్లు’ అన్న చోట రాయాలి. దాచడానికి ఇందులో ఏమీ లేదు, వదిలేస్తేనే ప్రశ్న పుడుతుంది. బడిలో చేర్పించేటప్పుడు వేసిన పుట్టినతేదీ ఒకటీ, అసలుది ఒకటీ అయితే మాత్రం ఇంట్లో తేల్చుకునే పని కాదు, లాయర్‌కు చెప్పండి.

బర్త్ సర్టిఫికెట్ తెలుగులో ఉంటే పూర్తి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి. రెండు భాషలూ తనకు వచ్చని, అనువాదం పూర్తిగా, సరిగా ఉందని అనువాదకుడు రాసి సంతకం పెట్టాలి. సర్టిఫికెటే లేకపోతే, లేదని సంబంధిత ఆఫీసు ఇచ్చే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్టూ, దాంతోపాటు బడి రికార్డుల వంటి ఇతర ఆధారాలో, పుట్టుక గురించి తెలిసిన పెద్దల అఫిడవిట్లో కావాలి. ఇవి ఊరి నుంచి రావడానికి పట్టే టైము ముందే లెక్కేసుకోండి.

మిగతావి గబగబా చూసేయొచ్చు. ఫారం పేజీల అడుగున ఉండే ఎడిషన్ తేదీ సైటులో ఉన్నదానితో సరిపోవాలి, అన్ని పేజీలూ ఒకే ఎడిషన్‌వి కావాలి. సంతకం పెన్నుతో పెట్టినది అయి ఉండాలి. దాని స్కాన్ కాపీ చెల్లుతుంది, టైపు చేసిన పేరు చెల్లదు. ఫీజులు 2024 ఏప్రిల్ 1న మారాయి, ఆ తర్వాతా మార్పులు వచ్చాయి, కాబట్టి స్నేహితుడు కట్టిన మొత్తం చూసి కట్టకండి. 2025 అక్టోబర్ 28 తర్వాత కాగితం ఫారాలకు మామూలుగా చెక్కులు తీసుకోవడం లేదు. కార్డుతో కడితే జీ-1450 ఫారం, బ్యాంకు ఖాతా నుంచి కడితే జీ-1650 ఫారం జతచేయాలి. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485తో పాటే మెడికల్ ఫారం ఐ-693 పంపాలన్నది 2024 డిసెంబర్ 2 నుంచి ఉన్న నియమం. డాక్టర్ అంటించి ఇచ్చిన ఆ కవరు, లోపల ఏముందో చూద్దామనిపించినా, తెరవకూడదు.

ఇలాంటివాటిలో పొరపాటు జరిగితే కాగితాల కట్ట మొత్తం వెనక్కి రావచ్చు. ఫీజు పోదు గానీ రసీదు తేదీ దక్కదు. ఐ-94 గడువు (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే తేదీ) దగ్గరపడినవాళ్లకు ఆ తేదీయే ప్రాణం. గడువుకు రెండు రోజుల ముందు పంపి, కట్ట తిరిగొచ్చేసరికి గడువు దాటిపోతే, అప్పుడు లాయర్‌కైనా చేయగలిగింది తక్కువ. సిటిజన్‌షిప్‌కు తొందరపాటూ ప్రమాదమే: అయిదేళ్లు (సిటిజన్‌ను పెళ్లాడి, వారితో కలిసి ఉంటున్నవాళ్లకు మూడేళ్లు) పూర్తవడానికి 90 రోజుల ముందు వేయొచ్చు, 91 రోజుల ముందు వేయకూడదు.

అసలు భయపడాల్సినవి వేరే ఉన్నాయి, అవి అచ్చుతప్పులు కావు. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో అడిగినప్పుడు చూసుకోకుండా ఓటరు నమోదుకు అవునన్నారా? సిటిజన్‌నని చెప్పుకున్నట్టు అవుతుంది. అది ఉన్న గ్రీన్‌కార్డుకే ఎసరు పెట్టగల విషయం. ఎప్పుడో షాపులో దొంగతనం కేసు అయి, కోర్టు కొట్టేసిందా? సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400 అడిగేది శిక్ష పడిందా అని మాత్రమే కాదు, అరెస్టయ్యారా అని కూడా. రికార్డు చెరిపేసినా చెప్పాల్సిందే, కోర్టు కాగితం చూపాల్సిందే. మనవళ్లను చూసుకోవడానికి వచ్చి గ్రీన్‌కార్డు తీసుకున్న అమ్మానాన్నలు ఇండియాలో ఒకే విడతలో ఆరు నెలలు దాటి ఉన్నారా? అయితే సిటిజన్‌షిప్‌కు కావాల్సిన నివాసం మధ్యలో తెగినట్టే లెక్కేస్తారు, కాదని నిరూపించుకోవడం మన వంతు. పర్మిషన్ లేకుండా పనిచేయడం, వీసా ఫారంలో ఒకటి చెప్పి ఇప్పుడు ఇంకొకటి రాయడం కూడా ఈ కోవలోవే. వీటిలో ఒక్కటున్నా లాయర్‌ను కలవకుండా ఫైల్ చేయకండి. ‘ఇప్పుడు వేయకు’ అని ఆయన చెబితే, ఆ మాటకు కట్టిన ఫీజు వృథా అనుకోవద్దు. వెనకటి ఫారాల్లో ఏం రాశారో గుర్తులేకపోతే మీ ఫైలు కాపీ కోసం ఎఫ్‌ఓఐఏ (అక్కడి సమాచార హక్కు చట్టం) కింద అడగండి. ఆలస్యమవుతుంది, కానీ ఊహించి రాయడం కంటే నయం.

సలహా ఎవరివ్వాలి? లైసెన్సున్న అటార్నీ, లేదా న్యాయశాఖ గుర్తింపు పొందిన సంస్థలో పనిచేసే అక్రెడిటెడ్ రిప్రజెంటేటివ్. అంతే. అటార్నీ లైసెన్సు ఆ రాష్ట్ర బార్ సైటులో, రెండోవాళ్ల పేరు న్యాయశాఖ జాబితాలో చూసుకోవచ్చు. ఇలాంటి సంస్థల్లో ఫీజు తక్కువ, కొన్నిచోట్ల ఉచితం కూడా. నోటరీకి ఇక్కడ న్యాయసలహా ఇచ్చే హక్కు లేదు. ట్యాక్సులు చేసే అన్నయ్య ‘ఇమిగ్రేషన్ కూడా చూస్తాం’ అంటే దండం పెట్టి వచ్చేయండి. మీ బదులు నింపినవాళ్లు ప్రిపేరర్ గడిలో సంతకం పెట్టాలి. ‘నా పేరు వద్దులే’ అన్నా, ఖాళీ ఫారం మీద సంతకం అడిగినా అక్కడితో ఆపండి. ఎవరు నింపినా, అబద్ధం ఉంటే జవాబు చెప్పాల్సింది సంతకం చేసిన మీరే.

లాయర్‌తో ముందే తేల్చుకోండి: ఫారం మాత్రమే చదువుతారా, జతచేసే కాగితాలన్నీ చూస్తారా, జీ-28 (మీ తరఫు లాయర్‌ను తానేనని చెప్పే ఫారం) వేసి కేసు తీసుకుంటారా, ఆర్‌ఎఫ్‌ఈ (ఇంకా ఆధారాలు పంపమనే నోటీసు) వస్తే మళ్లీ ఫీజా? జవాబులు రాతలో తీసుకోండి. ఆయన ముందు మాత్రం ఏదీ మొహమాటపడి దాచకండి.

పంపే ముందు మొత్తం కట్టను మొదటి పేజీ నుంచి చివరిదాకా స్కాన్ చేసి ఉంచుకోండి. ఒరిజినల్స్ పంపమని ప్రత్యేకంగా అడిగితే తప్ప నకళ్లే పంపండి. పంపాల్సిన అడ్రసు మీ రాష్ట్రాన్ని బట్టి, పోస్టా కొరియరా అన్నదాన్ని బట్టి మారుతుంది, ఆ రోజే సైటులో చూసి కవరు మీద రాయండి. రసీదు నోటీసు రాగానే పేరు, పుట్టినతేదీ, అడ్రసు సరిచూసుకుని, తేడా ఉంటే వెంటనే దిద్దించుకోండి.