డీజిల్ పంపు మార్చేవాళ్లు ముందు ఇంజిన్ ఆపే దారి చూసుకోండి

ఇంజిన్ లాగడం లేదు, నల్ల పొగ తోలుతోంది, పొద్దున్నే సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోవడం లేదు అనగానే అందరి చూపూ డీజిల్ పంపు (ఇంజెక్టర్లకి ప్రెషర్‌తో డీజిల్ తోసేది) మీదకే పోతుంది. తీరా చూస్తే డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయి ఉంటుంది, లేదా ట్యాంకు నుంచి వచ్చే పైపు ఎక్కడో గాలి లాగుతుంటుంది. పంపులోకి డీజిల్ వెళ్లే చోట జానెడు పారదర్శకమైన గొట్టం పెట్టి చూడండి, బుడగలుంటే కనిపిస్తాయి. కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి నొక్కుకునే ఒత్తిడి) కూడా చూపించండి. కంప్రెషన్ పోయిన ఇంజిన్‌కి కొత్త పంపు పెట్టడం డబ్బు దండగ.

ఇక మార్చక తప్పదనుకుంటే మొదటి పని కడగడం. పంపులో ప్లంజర్‌కీ (డీజిల్‌ని తోసే కడ్డీ) అది ఆడే బ్యారెల్‌కీ మధ్య ఖాళీ రెండు మూడు మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కంటికి ఆనని ఇసుక రేణువు చాలు, ప్లంజర్ పట్టేస్తుంది. అందుకే ఒక్క నట్టు కూడా వదులు చేయకముందే చుట్టుపక్కలంతా శుభ్రం చేసి ఆరబెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా వేడి పంపు మీద చన్నీళ్లు మాత్రం కొట్టొద్దు, అది కూడా పంపు పట్టేయడానికి ఒక కారణమే. పైపు విప్పిన మరుక్షణం రెండు కొసలకూ మూతలు పెట్టండి. రంధ్రాల్లో గుడ్డ పేలికలు కుక్కే అలవాటు మానుకోండి. ఊడిన నూలు పోగు నాజిల్ (ఇంజెక్టర్ కొస) దాకా పోతుంది. పైపులు మీకు అనువుగా వంచుకోవద్దు. యూనియన్ నట్టు విప్పేటప్పుడు దాని కింద పంపు మీదే ఉండే డెలివరీ వాల్వ్ హోల్డర్‌ని ఇంకో స్పానర్‌తో పట్టుకోవాలి, లేకపోతే అదీ కలిసి తిరుగుతుంది.

టైమింగ్ (డీజిల్ సరైన క్షణంలో సిలిండర్‌లోకి పడేలా పంపుని కుదర్చడం) పని పంపు విప్పకముందే మొదలవుతుంది. ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ టీడీసీకి (గాలిని నొక్కుతూ పిస్టన్ పూర్తిగా పైకి వచ్చే చోటు) తెచ్చిపెట్టుకోండి. క్రాంక్ (ఇంజిన్ ప్రధాన ఇరుసు) రెండు చుట్లు తిరిగితే పంపు తిరిగేది ఒక్క చుట్టే కాబట్టి పుల్లీ మీద గుర్తు కలిసినంత మాత్రాన సరిపోదు, సగం సార్లు అది తప్పు టీడీసీ. నాలుగు సిలిండర్ల ఇంజిన్ అయితే రాకర్ కవర్ (వాల్వుల మీది మూత) తీసి చూడండి. ఒకటో దాని వాల్వులు రెండూ వదులుగా ఉండి, నాలుగో దానివి ఒకటి మూసుకుంటూ ఇంకోటి తెరుచుకుంటూ ఉంటే సరైన చోటే ఉన్నట్టు. ఫ్లాంజ్ (పంపుని ఇంజిన్‌కి బిగించే అంచు) మీద ఉలితో కొట్టిన గుర్తు పాత పంపుది. కొత్త పంపుని దానికి ఎదురుగా పెట్టి బిగించేసి అయిపోయిందనుకోవద్దు. వీఈ లాంటి రోటరీ పంపుకి వెనక ప్లగ్ తీసి డయల్ గేజ్ పెట్టాలి. ఇన్‌లైన్ పంపుకి (సిలిండర్‌కో ప్లంజర్ వరుసగా ఉండేది) స్పిల్ పద్ధతి ఉంది: ఒకటో డెలివరీ వాల్వ్, స్ప్రింగ్ తీసి, హోల్డర్ బిగించి, దానికి వంపు గొట్టం తగిలించి, ఇంజిన్ తిరిగే దిశలోనే క్రాంక్‌ని మెల్లగా తిప్పుతూ రావాలి. గొట్టం నుంచి కారే డీజిల్ ధార సన్నబడుతుంది, చుక్కలవుతుంది, ఆగుతుంది. ఆ ఆగిన చోటే ఇంజెక్షన్ మొదలు. దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి సరిపెట్టుకోవద్దు, బాగా వెనక్కి పోయి మళ్లీ రండి, లేదంటే గేర్లలో ఉన్న ప్లే (పళ్ల మధ్య వదులు) మోసం చేస్తుంది. టైమింగ్ బెల్ట్ ఉన్న ఇంజిన్‌ని సెల్ఫ్ కొట్టే ముందు చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడాలి.

ఇంజెక్టర్ల దగ్గర జనం మరిచిపోయేది పాత కాపర్ వాషర్. అది చాలాసార్లు గుంతలోనే అతుక్కుని ఉండిపోతుంది. దాని మీద కొత్తది వేస్తే నాజిల్ రావాల్సినంత కిందికి రాదు, గ్యాస్ కూడా లీకవుతుంది. టార్చి వేసి చూసి తీయండి. పట్టేసిన ఇంజెక్టర్‌ని పక్కలకి మీటకుండా పుల్లర్‌తోనే లాగండి.

నాజిల్ టెస్టర్ మీద స్ప్రే చూసేటప్పుడు గానీ, లీక్ వెతికేటప్పుడు గానీ వేలు ఎదురు పెట్టొద్దు. మెకానికల్ ఇంజెక్టర్ తెరుచుకునే ప్రెషరే రకాన్ని బట్టి 120 నుంచి 250 బార్ దాకా ఉంటుంది. చర్మంలోకి దూరడానికి 7 బార్ చాలు. దెబ్బ చూస్తే సూది గుచ్చినంత చుక్క, చీమ కుట్టినంత మంట. అందుకే చాలామంది తుడుచుకుని పని చేసుకుపోతారు. లోపల డీజిల్ పాకి, కొన్ని గంటల తర్వాత చెయ్యి వాచి, వేలు తీసేసే దాకా వచ్చిన కేసులున్నాయి. నొప్పి ఉన్నా లేకపోయినా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లి, ‘ప్రెషర్‌తో డీజిల్ లోపలికి పోయింది’ అని ఈ మాటల్లోనే చెప్పండి. గాయాన్ని పిసకొద్దు, కాపడం పెట్టొద్దు. లీక్ వెతకడానికి అట్టముక్క వాడండి, పైపు పొడవునా జరిపితే తడిసిన చోట తెలిసిపోతుంది. స్ప్రే మంచు తేలిగ్గా అంటుకుంటుంది కాబట్టి బీడీ, వెల్డింగ్ దగ్గర్లో ఉండకూడదు.

అసలు టెన్షన్ మొదటి స్టార్ట్‌లో ఉంది. ఇన్‌లైన్ పంపులో ర్యాక్ (డీజిల్ ఎంత వెళ్లాలో నియంత్రించే కడ్డీ) ఫుల్ దగ్గర పట్టేసి ఉంటే ఇంజిన్ అందుకోగానే అదుపు లేకుండా రేస్ అయిపోతుంది, తాళం తీసినా, స్టాప్ లివర్ లాగినా లెక్కచేయదు. ముందే లివర్‌ని చేత్తో రెండు వైపులా కదిపి, తడబాటు లేకుండా వెనక్కి వస్తోందో లేదో చూడండి. పంపుకి సొంత ఆయిల్ సంప్ ఉంటే నింపారా? హ్యాండ్ ప్రైమర్‌తో (డీజిల్ ఎక్కించే చేతి పంపు) గాలి పూర్తిగా తీశారా? గాలి లోపలికి వెళ్లే నోటి కన్నా పెద్ద చెక్కపలక పట్టుకుని ఒక మనిషి పక్కన నిలబడాలి. ఇంజిన్ అదుపు తప్పితే ఆ నోరు మూసేయడమే దారి. అరచెయ్యీ, గుడ్డా పనికిరావు, లోపలికి లాగేస్తుంది. నడిరాత్రి ఒంటరిగా ఈ పని పెట్టుకోవద్దనేది నా గట్టి అభిప్రాయం.

ట్యూనింగ్ తర్వాతి మాట. టైమింగ్ కుదరకుండా స్క్రూలు తిప్పితే ఒక తప్పు మీద ఇంకో తప్పు పేరుతుంది. వేడెక్కాక కూడా తెల్ల పొగ వస్తుంటే టైమింగ్ లేటు, గట్టిగా నాకింగ్ వస్తుంటే ముందుకెక్కువైంది అని మొదట అనుమానించండి. ఐడ్లింగ్ స్క్రూ తిప్పుకోవచ్చు. సీసం సీలు వేసిన మ్యాక్సిమమ్ ఫ్యూయల్ స్క్రూని మాత్రం పంపుల్ని బెంచ్ మీద కొలిచి సరిచేసే కాలిబ్రేషన్ వాళ్లకే వదిలేయండి. పావు చుట్టు తిప్పితే పికప్ పెరిగినట్టే ఉంటుంది, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు కాలేది పిస్టన్.

కామన్ రైల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ప్రెషర్ గొట్టం ఉండే కొత్త రకం) అయితే పైన చెప్పిన వాటిలో శుభ్రత, చర్మం జాగ్రత్తలు రెట్టింపు చేసుకోండి. అక్కడ ప్రెషర్ 1,600 బార్ దాటుతుంది. నడుస్తున్న ఇంజిన్‌కి ఇంజెక్టర్ నట్టు వదులు చేసి గాలి తీసే పాత పద్ధతి అక్కడ ప్రాణం మీదకి తెస్తుంది. చాలా రకాల్లో కొత్త ఇంజెక్టర్ మీద ఉండే కోడ్‌ని స్కానర్‌తో ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్) ఎక్కించాలి కూడా.

బండి రోడ్డెక్కాక మొదటి వారం రోజూ ఇంజిన్ ఆయిల్ డిప్ స్టిక్ చూడండి. లెవెల్ తగ్గకుండా పెరుగుతూ, డీజిల్ వాసన వస్తుంటే ఏదో ఇంజెక్టర్ కారుతున్నట్టు, లేదా పంపు ముందు సీలు పోయినట్టు. ఆ ఆయిల్‌తో ఇంకో కిలోమీటరు కూడా నడపకండి.