డిసెంబరు 24 రాత్రి నిద్ర పోనివ్వండి: క్రిస్మస్ ఇళ్లకు కొన్ని జాగ్రత్తలు

డాబా మీద స్టారు కట్టిన రోజునుంచే క్రిస్మస్ ఇళ్లలో పరుగు మొదలవుతుంది. సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకు ముందే చేసుకునే వేడుకలు, ఆఫీసులో ఒకటి, పిల్లల బడిలో ఒకటి, స్త్రీల సమాజానిది ఇంకొకటి. సండే స్కూలు నాటిక, రాత్రుళ్లు కేరల్స్, మధ్యలో ఇంటికి రంగులు, దర్జీ చుట్టూ తిరగడాలు, పిండివంటలు. వీటిలో సగానికి పైగా ఇంటి ఆడవాళ్ల నెత్తినే పడతాయి. పండగపూట ఒళ్లు హూనమై, ఆరాధనలో కునికిపాట్లు పడే అమ్మల్ని, అత్తల్ని మా సంఘంలో ఏటా చూస్తుంటే బాధేస్తుంది.

అందుకే డిసెంబరు మొదటి వారంలోనే ఇంటిల్లిపాదీ కూర్చుని, ఈసారి ఏ పని మానేస్తున్నారో తేల్చుకోండి. నన్నడిగితే ముందు గోడల రంగులు మానేయమంటాను. ఎండాకాలంలో వేయిస్తే త్వరగా ఆరతాయి, ఇంట్లో పండగ హడావుడీ ఉండదు. 25కి ఒక జత, జనవరి 1కి ఒక జత చొప్పున అందరికీ కొత్తబట్టలు కొనడం చాలా ఇళ్లలో అప్పుదాకా వెళ్తోంది. ఒక్క జతతో రెండు ఆరాధనలకూ వెళ్లొచ్చు. ఈ మాట పిల్లలకు ముందే చెబితే అర్థం చేసుకుంటారు. షాపులో నిలబెట్టి చెబితేనే పేచీ పెడతారు.

పిండివంటల్లో అసలు కష్టం అరిసెలతోనే. బియ్యం నానాలి, తడిపిండి ఆరిపోకముందే బెల్లం పాకం పట్టాలి. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే మెత్తటి ఉండ కావాలి. కాస్త ఏమరితే ముదిరిపోయి అరిసెలు గట్టిపడతాయి. ఆ సమయంలో గుమ్మంలో ఎవరు పిలిచినా, ఫోను మోగినా పొయ్యి దగ్గర్నుంచి కదలడానికుండదు. అలాంటి పనిని 23కో 24కో పెట్టుకోకండి. అరిసెలు నిలవుండేవే కాబట్టి 18, 19 తేదీల్లో చేసేసుకోండి. రెండు మూడు ఇళ్లవాళ్లు కలిస్తే ఒకరు పాకం తిప్పుతారు, ఒకరు ఒత్తుతారు, ఒకరు వేయిస్తారు. కజ్జికాయలు, గవ్వలు చేసే ఓపిక లేకపోతే కొనుక్కోండి. అందులో చిన్నతనమేమీ లేదు.

కేరల్స్‌కు వెళ్లే కుర్రాళ్లకు ఒక మాట. రాత్రి 10 తరవాత మైకులు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. ఆ సమయానికే పాటలు ముగించుకుంటే మీకూ నిద్ర దక్కుతుంది, మీ కోసం మేలుకుని టీ పెట్టే ఇళ్లకూ దక్కుతుంది. స్టారు కట్టడానికి ఇనప గొట్టాలు పట్టుకుని కరెంటు తీగల దగ్గరికి మాత్రం పోకండి. నిద్రలేని కళ్లతో, చీకట్లో అసలే వద్దు.

ఇక 24 రాత్రి. చాలా సంఘాల్లో పండగ ఆరాధన తెల్లవారుజామునే. 1924 డిసెంబరు 25న ప్రారంభమైన మెదక్ చర్చికైతే ఏటా తెల్లారకముందే జనం చేరుకుంటారు. పొద్దున అంత తొందరగా లేవాలంటే ముందురాత్రి 9 కల్లా వంటగదిలో దీపం ఆరిపోవాలి. బిర్యానీకి మాంసం కలిపి ఫ్రిజ్‌లో పెట్టడం, ఉల్లిపాయలు వేయించడం, బట్టలు ఇస్త్రీ చేయడం సాయంత్రానికే ముగించండి. ఇస్త్రీ మగవాళ్లు చేయాలి, పిల్లల స్నానాలు, జడలు కూడా వాళ్లే చూసుకోవాలి. స్వీడన్‌లో పదహారేళ్ల గుండెపోటు రికార్డులు పరిశీలించి 2018లో వెలువరించిన ఫలితాల ప్రకారం, అక్కడ క్రిస్మస్ ముందురోజు గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే 37 శాతం ఎక్కువ. 75 ఏళ్లు దాటినవాళ్లలో, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లలో ఆ ముప్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. ఛాతీ బరువెక్కినా, ఎడమచెయ్యి లాగినా ‘పండగయ్యాక చూద్దాం’ అనకుండా 108కి ఫోన్ చేయండి.

షుగరు ఉన్నవాళ్లు మాత్రో ఇన్సులినో వేసుకుని, ఏమీ తినకుండా గుడికి వెళ్లి రెండు మూడు గంటలు కూర్చోవడం ప్రమాదం. ఆ ఉదయం ఏది ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరుగారిని అడిగి ఉంచుకోండి. సంచిలో గ్లూకోజు పొట్లం పెట్టుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికితే మూడు చెంచాల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి చూడండి. తెలివి తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏదీ పోయకండి.

విందు దగ్గర గొడవలు ఎక్కువగా పాత బాకీల మీదో, ఆస్తుల మీదో వస్తాయి. బావగారు ఆ మాట ఎత్తితే, ‘ఇవాళ వద్దు బావగారూ, పండగయ్యాక కూర్చుందాం’ అని మర్యాదగా దాటేయండి. 26న ఎవరినీ భోజనానికి పిలవకండి, మీరూ ఎక్కడికీ ఒప్పుకోకండి. 31 రాత్రి ఆరాధన ముగిసేసరికి రోడ్ల మీద తాగి బండ్లు నడిపేవాళ్లుంటారు. వీలైతే గుడి దగ్గర్లోని చుట్టాలింట్లో పడుకుని పొద్దున బయల్దేరండి.

ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న ఇంటికి డిసెంబరు చాలా బరువైన నెల. వాళ్లను స్టారు ఎందుకు కట్టలేదని అడగొద్దు, కేక్ కోయమని బలవంతపెట్టొద్దు. క్యారియర్‌లో అన్నం పట్టుకెళ్లి, పోయినవాళ్ల గురించి చెబుతుంటే వినండి. నిద్ర, తిండి పూర్తిగా మానేసినా, చచ్చిపోతానన్న మాట నోట వచ్చినా వాళ్లను ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి 14416కి ఫోన్ కలపండి. అది మనసు బాగోలేనివాళ్లకు ఫోన్‌లో సాయం చేయడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, పండగ రోజైనా రాత్రైనా పలుకుతారు.