తగ్గింపు ధర పుస్తకాలను తపాలా ద్వారా అమ్మే సొంత వ్యాపారం నడపడం ఎలా?

ప్రచురణకర్తల వద్ద అమ్ముడుపోక మిగిలిన పుస్తకాలను టోకున చవకగా కొని, వాటి జాబితాను పాఠకులకు పంపి, ఆర్డరు వచ్చిన ప్రతిని పార్సిల్ చేసి తపాలాలో వేసే వ్యాపారానికి పెద్ద దుకాణం గానీ, పదిమంది సిబ్బంది గానీ అక్కరలేదు. ఒక పొడి గది, కొన్ని అరలు, ఒక తూకం యంత్రం, లెక్క రాసే ఓపిక ఉంటే ఒక్కరే మొదలుపెట్టవచ్చు. అయితే కొత్త పుస్తకాల అమ్మకానికీ దీనికీ మౌలికమైన తేడా ఒకటుంది. కొత్త పుస్తకం అయిపోతే మళ్లీ తెప్పించుకోవచ్చు, అమ్ముడుపోకపోతే చాలా చోట్ల వెనక్కి పంపవచ్చు. మిగులు పుస్తకానికి ఈ రెండు వెసులుబాట్లూ లేవు: అయిపోయినది మళ్లీ దొరకదు, మిగిలిపోయినది వెనక్కి పోదు. అందువల్ల ఇక్కడ లాభం కొనేటప్పుడే తేలిపోతుంది. ఆ తరువాత చేసే పనులన్నీ ఆ లాభం దారిలో కారిపోకుండా చూసుకోవడానికే.

మొదటి అడుగు: ఏ సరుకు ఏదో తెలుసుకోవడం

చవక పుస్తకాలన్నీ ఒక రకం కావు. ప్రచురణకర్త అంచనాకు మించి అచ్చువేసి, గోదాము ఖర్చు భరించలేక ఒకేసారి వదిలించుకునే కొత్త ప్రతులు మొదటి రకం. వీటినే ఈ వ్యాపారంలో రిమెయిండర్లు అంటారు. దుకాణాలకు వెళ్లి, అమ్ముడుకాక తిరిగివచ్చిన ప్రతులు రెండో రకం. వీటిలో అట్ట మూలలు నలిగినవి, అట్టపై చుట్టిన కాగితపు జాకెట్ చిరిగినవి, ధర చీటీ జిగురు మరక అంటినవి కలిసి ఉంటాయి. తక్కువ ధరకు అమ్మడానికే ప్రత్యేకంగా అచ్చువేసిన పునర్ముద్రణలు మూడో రకం. వంటల పుస్తకాలు, బొమ్మల పుస్తకాలు, నిఘంటువులు ఈ రకంలో ఎక్కువగా వస్తాయి, ఈ ఒక్క రకాన్ని మాత్రం కొన్నిసార్లు మళ్లీ తెప్పించుకోవచ్చు. పాత పుస్తకాల వ్యాపారం వేరే విద్య కాబట్టి దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

మిగులు ప్రతుల పేజీల అంచున, సాధారణంగా అడుగు భాగంలో, సిరా చుక్కో గీతో కనిపిస్తుంది. అది పుస్తకంలోని లోపం కాదు. అమ్ముడుకాని ప్రతిని దుకాణదారు వెనక్కి పంపి పూర్తి సొమ్ము పొందే పద్ధతి ఉన్న చోట, ముద్రిత వెలలో పదో వంతుకు కొన్న ప్రతిని ఎవరైనా పూర్తి ధరకు వాపసు చేసే ప్రమాదం ఉంటుంది. దాన్ని అడ్డుకోవడానికే ప్రచురణకర్త ఆ గుర్తు పెడతాడు. ఈ సంగతి మీకు తెలిస్తే చాలదు, జాబితాలో కొనుగోలుదారుకు కూడా తెలియజేయాలి.

రెండో అడుగు: చట్టం అనుమతిస్తుందో లేదో చూడడం

పుస్తకాన్ని దాని మీద ముద్రించిన వెలకన్నా తక్కువకు అమ్మే స్వేచ్ఛ అన్ని దేశాల్లో ఒకేలా లేదు. అమెరికాలో, పుస్తకంలో ధర ముద్రించి అంతకన్నా తక్కువకు అమ్మరాదని ప్రచురణకర్త పెట్టిన షరతు, దాన్ని కొని మళ్లీ అమ్మే వ్యాపారిని కట్టడి చేయజాలదని 1908లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఫ్రాన్స్‌లో మాత్రం 1981 నాటి చట్టం ప్రకారం కొత్త పుస్తకంపై 5 శాతానికి మించి తగ్గించకూడదు. ప్రచురణ జరిగి రెండేళ్లు దాటి, దుకాణానికి ఆఖరి సరుకు వచ్చి ఆరు నెలలు గడిచిన పుస్తకాలకే మినహాయింపు ఉంది. జర్మనీలో 2002 చట్టం కింద, పుస్తకం వెలువడిన 18 నెలల తరువాత దుకాణాలన్నీ పాటించాల్సిన నిర్ణీత ధరను ప్రచురణకర్త ఎత్తివేయవచ్చు. కనుక మీరు అమ్మే దేశంలో, అలాగే పార్సిల్ చేరే దేశంలో కూడా, నిబంధన ఏమిటో కొనుగోలుకు ముందే చూసుకోవాలి. ఒక ప్రాంతంలో మాత్రమే అమ్మకానికి అని ముద్రించిన ప్రతుల విషయం కూడా ఇంతే. వ్యాపార నమోదు, పన్ను వంటివి ఒక లెక్కల నిపుణుడితో ఒక పూట కూర్చుంటే తేలిపోయే పనులు.

మూడో అడుగు: కొనడం

సరుకు దొరికే దారులు మూడు: నేరుగా ప్రచురణకర్త, మిగులు పుస్తకాలనే టోకున అమ్మే వ్యాపారులు, మూతపడుతున్న దుకాణాలు. ప్రచురణకర్త ఒకే పుస్తకం వందల ప్రతులు ఒక్కసారిగా తీసుకొమ్మంటాడు, ధర అన్నిటికన్నా తక్కువ పడుతుంది. టోకు వ్యాపారి వద్ద ధర కొంచెం ఎక్కువే అయినా, ఒక్కో పేరు ఐదో పదో ప్రతుల చొప్పున ఏరుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారికి రెండోదే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే తొలి ఏడాదిలో మీ పాఠకుల అభిరుచి మీకు తెలియదు, తెలియని అభిరుచి మీద ఒకే పేరు ఐదు వందల ప్రతులు కొనడం జూదం.

కొనేముందు వేయాల్సిన లెక్క ఇది. ముద్రిత వెల 100 అనుకుందాం. ప్రతి ఒక్కటి 10కి దొరికింది, మీ గదికి చేర్చడానికి 3 పడింది, మీరు 30కి అమ్మదలచారు. అమ్మిన ప్రతి ఒక్కదానికి అట్టపెట్టె, టేపు, చెల్లింపు రుసుము కలిపి 5 పోతుంది. తపాలా ఖర్చు కొనుగోలుదారు విడిగా ఇస్తాడు. వంద ప్రతులు కొంటే మీ పెట్టుబడి 1300, అమ్మిన ఒక్కో ప్రతి మీద చేతికి వచ్చేది 25. అంటే 52 ప్రతులు అమ్ముడయ్యాకే పెట్టుబడి తిరిగి వచ్చినట్టు. మీ శ్రమకు, గది అద్దెకు ఇంకా ఏమీ రాలేదు. 10కి కొని 30కి అమ్ముతున్నాం, మూడింతలు వస్తోంది అని మురిసిపోయేవారు ఈ 52ను మరచిపోతారు. అదే పుస్తకం 40 ప్రతులే కొని ఉంటే, ధర కాస్త పెరిగి, గదికి చేర్చే ఖర్చుతో కలిపి ఒక్కోటి 15 పడినా, 24వ ప్రతితోనే పెట్టుబడి వచ్చేసేది. ప్రతి ధర ఎంత తగ్గిందన్నది కాక, ఎన్నో ప్రతి దగ్గర సొమ్ము తిరిగి చేతికి వస్తుందన్నదే చూడవలసిన అంకె.

పెట్టెలు కలగలుపుగా కొనేటప్పుడు పైవరుస చూసి ఒప్పుకోకూడదు. అక్కడక్కడ కొన్ని పెట్టెలు తెరిపించి, అడుగు వరుసలోని ప్రతులు తీసి, తేమ వాసన ఉందేమో, పేజీలు అతుక్కున్నాయేమో, దెబ్బతిన్న ప్రతులు పదికి ఎన్ని ఉన్నాయో లెక్కించి, ఆ నిష్పత్తిని బట్టి ధర అడగాలి. అసాధారణంగా చవకగా వచ్చే కొత్త పుస్తకాలు దొంగముద్రణలు కావచ్చు. ఎక్కడి నుంచి వచ్చాయో చూపే బిల్లు లేనిదే వాటిని ముట్టుకోవద్దు. నిన్నటి పరీక్షల మార్గదర్శకాలు, పాత వెర్షన్ సాఫ్ట్‌వేర్ పుస్తకాలు, అట్టమీద ఫలానా ఏడాదిదని ముద్రించిన వార్షికసంచికలు ఉచితంగా ఇచ్చినా భారమే. చరిత్ర, జీవితచరిత్రలు, ప్రకృతి, చేతిపనులు, పిల్లల బొమ్మల పుస్తకాలు నిదానంగానైనా అమ్ముడవుతాయి.

నాలుగో అడుగు: నిల్వ, సంఖ్యలు

పుస్తకాలకు తేమే ప్రధాన శత్రువు. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు పట్టే అవకాశం పెరుగుతుంది. పెట్టెలను నేల మీద కాక చెక్క పలకలపై, బయటి గోడకు ఆనించకుండా ఉంచాలి. పుస్తకాలను నిటారుగా నిలబెట్టాలి, పెద్ద బొమ్మల పుస్తకాలను మాత్రం పడుకోబెట్టాలి.

ప్రతి అరకు ఒక సంకేతం, ప్రతి పుస్తకానికి ఆ సంకేతం రాసిన ఒక నమోదు ఉండాలి. విషయాల వారీగా అమర్చాలన్న కోరిక కలుగుతుంది గానీ, తపాలా అమ్మకంలో పాఠకుడు అరల మధ్య తిరగడు; వచ్చిన సరుకును ఖాళీ ఉన్న చోట పెట్టి చోటు నమోదు చేసుకోవడమే వేగం. గుర్తింపుకు, పుస్తకం మీద ముద్రించే అంతర్జాతీయ సంఖ్య అయిన ఐఎస్‌బీఎన్ వాడవచ్చు. అయితే మిగులు పుస్తకాల్లో 2007కు ముందు అచ్చయినవి ఉంటే పది అంకెల సంఖ్యలు ఎదురవుతాయి. వాటిని పదమూడు అంకెల్లోకి మార్చేటప్పుడు ముందు 978 చేర్చితే సరిపోదు, చివరి తనిఖీ అంకెను కూడా మళ్లీ లెక్కించాలి. గట్టి అట్ట, మెత్తటి అట్ట ప్రతులకు వేర్వేరు సంఖ్యలుంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఒకటి చూపి మరొకటి పంపడం ఈ వ్యాపారంలో సులభంగా దొర్లే తప్పు.

ఐదో అడుగు: తపాలా ఖర్చును ధరలో భాగంగా చూడడం

చవక పుస్తకానికి తపాలా రుసుము కొన్నిసార్లు పుస్తకం ధరను మించుతుంది. పాఠకుడు చూసేది ఆ రెండింటి మొత్తాన్నే. డెమీ పరిమాణంలో (సుమారు 14 x 21.5 సెంటీమీటర్లు), 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు 80 గ్రాములు) కాగితంపై అచ్చయిన 300 పేజీల పుస్తకం సుమారు 360 గ్రాములు తూగుతుంది; అట్ట, ప్యాకింగు కలిపితే 500 గ్రాములకు కాస్త లోపల ఆగుతుంది. రుసుము బరువు మెట్ల ప్రకారం పెరిగే చోట, బరువైన అట్టపెట్టె వాడితే పార్సిల్ పై మెట్టుకు ఎక్కిపోతుంది. కాబట్టి ప్రతి పుస్తకాన్నీ వచ్చిన రోజే తూచి, బరువును నమోదులో రాయాలి. కొరియర్ సంస్థలైతే పెట్టె పరిమాణాన్ని కూడా లెక్కిస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకెను కిలోల బరువుగా తీసుకోవడం వాటిలో వాడుకలో ఉన్న సూత్రం. విదేశాలకు పుస్తకాలు పంపేటప్పుడు ముద్రిత పత్రాల తరగతి ఇంకా అందుబాటులో ఉందేమో తపాలా కార్యాలయంలో అడగడం మంచిది.

రెండో పుస్తకం అదే పెట్టెలో వెళితే అదనంగా పడేది కొద్దిపాటి తపాలా మాత్రమే. ఏరడం, కట్టడం, చిరునామా రాయడం ఒక్కసారే. అందుకే ఎన్ని పుస్తకాలు తీసుకున్నా ఒకే తపాలా రుసుము అన్న పద్ధతి ఈ వ్యాపారానికి బాగా నప్పుతుంది. దాన్ని ప్రకటించే ముందు మీ సగటు ఆర్డరు బరువు ఎంతో కనీసం మూడు నెలల లెక్కల నుంచి తీయండి. పూర్తి ఉచిత తపాలా అన్నిచోట్లా సాధ్యం కాదు: ఫ్రాన్స్‌లో 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం 35 యూరోల లోపు కొత్త పుస్తకాల ఆర్డరును ఇంటికి చేర్చడానికి కనీసం 3 యూరోలు వసూలు చేయాలి.

ఆరో అడుగు: జాబితా రాయడం

పుస్తకాన్ని చేతిలోకి తీసుకోలేని మనిషికి మీ నాలుగు వాక్యాలే అట్ట, విషయసూచిక, తొలి పేజీ. పేరు, రచయిత, ప్రచురణకర్త, సంవత్సరం, పేజీలు, అట్ట రకం, ముద్రిత వెల, మీ ధర తప్పనిసరి. ఆ తరువాత పుస్తకం దేని గురించో, ఎవరికి పనికివస్తుందో సూటిగా చెప్పే వర్ణన ఉండాలి. అట్ట వెనుక పొగడ్తలను దించి పెట్టడం వృథా. బొమ్మలు ఎన్ని, రంగులవా కావా, సూచిక ఉందా, అక్షరం చిన్నదా అన్న సంగతులే కొనేవారు అడిగేవి.

పేరు ఒక్కటే అమ్మకాన్ని ఎంత మార్చగలదో, 1919 నుంచి అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో గిరార్డ్ అనే చిన్న ఊరి నుంచి తపాలాలో చవక చిన్నపుస్తకాలు అమ్మిన ఇమాన్యుయెల్ హాల్డెమన్-జూలియస్ చూపించాడు. పత్రికా ప్రకటనలో పేర్ల పట్టిక తప్ప మరేమీ ఇచ్చే చోటు లేనందున, అమ్ముడుకాని పుస్తకానికి విషయం సూటిగా తెలిసే కొత్త పేరు పెట్టి చూసేవాడు. మీకు పుస్తకం పేరు మార్చే హక్కు లేదు గానీ, వర్ణనలోని మొదటి వాక్యాన్ని మార్చే హక్కు ఉంది. కదలని పుస్తకానికి ధర తగ్గించే ముందు ఆ వాక్యాన్ని మార్చి చూడండి.

స్థితిని దాచకూడదు. జాకెట్ చివర చిన్న చిరుగు ఉంటే ఉందని రాయాలి. నిల్వ ఉన్నంత వరకే అన్న మాట ప్రతి జాబితాలోనూ కనిపించాలి, ఆర్డరు పత్రంలో ప్రత్యామ్నాయంగా మరో పుస్తకం రాసే గడి ఉండాలి. మూడే ప్రతులున్న పుస్తకానికి ఐదుగురు రాసినప్పుడు ఆ గడి విలువ తెలుస్తుంది.

ఏడో అడుగు: ఆర్డరు, కట్ట, సొమ్ము

సొమ్ము ముందే తీసుకోండి. పద్దెనిమిదో శతాబ్దంలో లండన్ పుస్తక విక్రేత జేమ్స్ లాకింగ్టన్ 1780లో ఎవరికీ అప్పు ఇవ్వనని నిశ్చయించుకొన్నాడు. మిగులు ప్రతుల్లో చాలా భాగాన్ని నాశనం చేసి మిగతావాటి ధర నిలబెట్టే నాటి వాడుకను కూడా కాదని, అన్నిటినీ తక్కువ లాభానికి అమ్మేవాడు. తక్కువ లాభంతో నడిచే వ్యాపారం అప్పును మోయలేదన్న అతని లెక్క ఇప్పటికీ చెల్లుతుంది.

కట్టేటప్పుడు ముందు నీరు చొరని పలుచని కవరు, తరువాత పుస్తకం కన్నా నాలుగు వైపులా కొద్దిగా పెద్దదైన గట్టి అట్ట ఉండాలి. దెబ్బ ముందుగా తగిలేది మూలలకే కాబట్టి అట్ట మూల పుస్తకం మూలను దాటి ఉండాలి. కట్టాక ఊపి చూడండి, లోపల కదిలితే విప్పి మళ్లీ కట్టండి. టేపు పుస్తకానికి తగలకూడదు. చిరునామా చీటీ ఊడిపోతే పనికివచ్చేలా లోపల బిల్లు మీద కూడా చిరునామా ఉండాలి. తపాలా రసీదులను తేదీ వారీగా దాచాలి.

ఎనిమిదో అడుగు: ఫిర్యాదులు, మిగిలిన మిగులు

నలిగి చేరిన చవక పుస్తకాన్ని వెనక్కి రప్పించుకోవడం తరచుగా దండగ. ఫొటో పంపమని అడిగి, సొమ్ము తిరిగి ఇచ్చి, పుస్తకాన్ని ఉంచుకొమ్మనడమే చవక. నచ్చలేదని వాపసు చేసే హక్కు వేరు. ఐరోపా సమాఖ్యలో దూరం నుంచి కొన్న వస్తువును 14 రోజుల్లో కారణం చెప్పకుండానే వద్దనుకోవచ్చు, కనుక ఆ గడువు మీ షరతుల్లో రాసి ఉండాలి. కొనుగోలుదారుల చిరునామాల పట్టిక మీ అసలు ఆస్తి, దాన్ని మరెవరికీ అమ్మకండి.

ఎంత జాగ్రత్తగా కొన్నా కొన్ని కదలవు. ఏడాది దాటిన పుస్తకాలను ఒకసారి ధర తగ్గించి, తరువాత ఒకే విషయంపై మూడు నాలుగు కలిపి కట్టగా చేసి జాబితాలో పెట్టండి. అప్పటికీ నిలిచిపోతే మరో వ్యాపారికి టోకున ఇచ్చేయడం, గ్రంథాలయానికో పాఠశాలకో పంపడం, చివరికి తుక్కు కాగితంగా తూకానికి వేయడం అన్న వరుసలో పోవాలి. ఏది చేసినా ఆ రోజే నమోదులో ఆ పుస్తకం సంఖ్యను సున్నా చేసి, ఖాళీ అయిన అర సంకేతాన్ని తరువాత వచ్చే పెట్టెకు కేటాయించండి.